తార్నాక దారిలో, అద్దం ముందరి గ్రంథం

దేవా, నీకు స్తోత్రం. మా రాకపోకలు ఎరిగినవాడా, మేము తొందరపడి ముందుకు ఉరికినప్పుడు కూడా మా వెనకే ఓపికగా నడిచినవాడా, నీకు స్తోత్రం. ఇనుము మీదా, చక్రం మీదా, చిన్న దీపం మీదా అధికారం నీదే. ఇది రాయడానికి నా చేతికి నిబ్బరం ఇయ్యి. నా నోటిని అబద్ధం నుంచి కాపాడు.

సంఘంలోని అక్కలకూ అన్నలకూ వందనాలు. నేను హైదరాబాదు నుంచి తిరిగి వచ్చిన ఆదివారం అయ్యగారు సాక్ష్యం చెప్పమంటే గొంతు నొప్పి అని తప్పించుకున్నాను. గొంతు బాగానే ఉంది. నిలబడి చెప్తే ఏ ముక్క వదిలేస్తానో నాకు తెలుసు. అందుకే కూర్చుని రాస్తున్నాను. రాసింది కొట్టేస్తే కొట్టేసినట్టు కనిపిస్తుంది కదా.

జనగామ

మా అమ్మాయి కెజియాకు హైదరాబాదులోని యూనివర్సిటీలో ఎమ్మెస్సీ బాటనీలో సీటు వచ్చింది. క్యాంపస్‌లో ఒరిజినల్ సర్టిఫికెట్లు అప్పగిస్తేనే ఆ సీటు తనది. పిల్ల ముందే వెళ్లి తార్నాకలో మా పెద్దమ్మ కూతురు లీలక్క ఇంట్లో ఉంది. కాగితాలు, బట్టలు, బియ్యం నేను చేర్చాలి. మా ఆయన కరెంటు లైన్‌మన్. వానాకాలంలో ఆయన సెలవు అడగడం, నాట్ల రోజు కూలి మనిషి సెలవు అడగడం ఒకటే. మా తమ్ముడు ఇచ్చిన పాత కారు ఉంది. నేను నడపడం నేర్చుకుని ఆరు నెలలు. ఆలేరు దాటి ఎప్పుడూ పోలేదు.

మా అత్తమ్మ కూడా బయలుదేరింది. "మనుమరాలు అంత పెద్ద సదువుకు పోతాంటే నేను సూడొద్దా? మోకాళ్లు నొయ్యనీ, కండ్లు బాగనే ఉన్నయి" అన్నది.

మా ఇంట్లో విలువైన కాగితం ఏదైనా మామయ్య బైబిలు గ్రంథంలో ఉంటుందని మీలో చాలామందికి తెలుసు. మామయ్య సైకిలు మీద ఊరూరా తిరిగి వాక్యం చెప్పిన రోజుల నుంచి ఉన్న పెద్ద తోలు అట్ట గ్రంథం అది. పెళ్లి తేదీలు, బాప్తిస్మాలు దాని మొదటి పేజీల్లోనే రాసి ఉన్నాయి. ఇంట్లో బీరువా ఉంది, బీరువాకు తాళం ఉంది. అయినా పట్టా కాగితం నుంచి పిల్ల టీసీ దాకా అన్నీ ఆ పేజీల మధ్యనే. అత్తమ్మ కెజియా సర్టిఫికెట్లను నిలువుగా మడిచి కీర్తనల దగ్గర పెట్టింది. ప్లాస్టిక్ ఫోల్డరు కొనుక్కొచ్చాను అంటే నావైపు ఒక చూపు చూసింది. ఫోల్డరును మళ్లీ సంచిలో పెట్టేశాను.

తెల్లవారకముందే ఆరుగురు విశ్వాసులు వచ్చి కారు చుట్టూ నిలబడి ప్రార్థన చేశారు. తలుపులన్నీ తీసి, లోపలి పైలైటు వేసి, ఆ వెలుగులో దేవదానం పెద్దయ్య ఒక భాగం చదివాడు. అప్పుడు నా గుండె నిండిపోయింది, నిజంగానే. తర్వాత సామాన్లు. ముందు సీటులో బియ్యం మూట. వెనక అద్దం కింది పలక మీద మామిడి తొక్కు పెట్టిన స్టీలు డబ్బా. నా కాళ్ల దగ్గర నీళ్ల సీసా. అద్దానికి వేలాడే చెక్క సిలువ. గేరు పక్కన కప్పులు పెట్టుకునే గుంటలో నూనె సీసా, ప్రార్థన చేసిన నూనె. ఆఖరికి పెద్దయ్య గ్రంథాన్ని రెండు చేతులా పట్టి డాష్‌బోర్డు మీద, అద్దానికి ముందర పెట్టాడు.

"ముందు వాక్యం పోవాలె, ఎనక బండి పోవాలె" అన్నాడు.

అందరం ఆమేన్ అన్నాం. మా ఆయన మాత్రం కిటికీ దగ్గర వంగి, "ఇగో, కదిలే ముందు పైలైటు ఆర్పు. లోపల వెలుగుంటే బయట చీకటి కనపడదు. దిగేటప్పుడు మళ్ల చూడు. మర్చిపోతే రాత్రంత బ్యాటరీని తాగుతది" అన్నాడు.

"లైన్‌మన్ పెండ్లానికి లైటు ఆర్పుడు చెప్తున్నవా?" అన్నాను.

ఆ మాటకు తర్వాత ఎంత సిగ్గుపడ్డానో ముందే చెప్పేస్తున్నాను.

భువనగిరి

చేతులు స్టీరింగుకు అతుక్కుపోయాయి. లారీ దాటినప్పుడల్లా సిలువ ఊగి, సరిగ్గా నేను చూడాల్సిన చోటుకే అడ్డం వచ్చేది. నీళ్ల సీసా కాళ్ల దగ్గర అటూ ఇటూ దొర్లేది. మడమతో తోస్తూ వచ్చాను. అత్తమ్మ వెనక సీటులో పాటలు పాడుతోంది. నాకు పల్లవి కూడా అందుకునే తీరిక లేదు.

భువనగిరి దగ్గర రోడ్డు పక్కన ఆగి మిర్చి బజ్జీ తిన్నాం. మన దగ్గర బజ్జీలో వాము దండిగా దట్టిస్తారు. ఇక్కడ చింతపండు గుజ్జు పూస్తారు, పైన ఉల్లిగడ్డ. ప్లేటు ముప్పై. చాయ్ పదిహేను, మన దగ్గర పది. ఆలస్యం అవుతుందేమోనన్న ఆత్రంతో సగం చాయ్ కప్పుతోనే కారెక్కి, కప్పును నూనె సీసా పక్కన ఇరికించాను. మొదటి స్పీడు బ్రేకరుకే ఆ చాయంతా నా తొడ మీద ఒలికింది. కారు పక్కకు గుంజి ఆపాను. చాయ్ కొట్టు ఇంకా కనిపిస్తూనే ఉంది. కొట్టామె చెంబుతో నీళ్లు పట్టుకుని ఉరికి వచ్చింది.

"అక్కా, చాయ్ తాగి పోవాలె. చాయ్‌ని ఎంట తీస్కపోవద్దు" అని నవ్వుతూ చీర మీద నీళ్లు పోసింది.

పేరు అడగలేదు. ఆ మాట మాత్రం గుర్తుంది. దేవుడు హెచ్చరించడానికి దూతనే పంపాలా, చాయ్ కొట్టు ఆమె చాలదా? అప్పుడైనా నేను కారులోపల ఒకసారి చూసుకోవలసింది. చూసుకోలేదు.

తార్నాక సిగ్నల్

ఉప్పల్ నుంచి హబ్సిగూడ దాకా ఎలా వచ్చానో నాకే తెలియదు. మెట్రో స్తంభాల పక్కన బస్సులు, ఆటోలు, స్కూటర్లు. ఎవరి దారి ఎవరిదో ఎవరికీ పట్టలేదు. తార్నాక సిగ్నల్ ముందు ఒక ఆటో అడ్డంగా దూరింది. బ్రేకు గట్టిగా కొట్టాను. గ్రంథం జర్రున జారి ముందు అద్దానికి దబ్బున తగిలింది. వెనక పలక మీది తొక్కు డబ్బా ఎగిరి, సీటు పైనుంచి వచ్చి, అత్తమ్మ భుజం పక్కగా కింద పడింది. జానెడు ఇవతలికి పడితే తల మీదే పడేది.

"ప్రభువా!" అన్నది అత్తమ్మ.

ఇంతలో పచ్చలైటు పడింది. వెనక హారన్లు. నేను కంగారులో క్లచ్చు ఒక్కసారి వదిలి, యూనివర్సిటీ వైపు ఎడమకు తిప్పాను. కారు ఎగిరినట్టు కదిలింది. ఆ ఊపుకు గ్రంథం అద్దం దగ్గర నుంచి వెనక్కి, నావైపుకు జారి నా కాళ్ల మధ్య పడింది.

ముందర ఒక ముసలాయన జామకాయల బుట్ట నెత్తిన పెట్టుకుని రోడ్డు దాటుతున్నాడు. బ్రేకు తొక్కాను. బ్రేకు దిగలేదు.

సోదరీ సోదరులారా, ఇదే నేను సాక్ష్యంలో వదిలేద్దామనుకున్న ముక్క. బ్రేకు కింద గ్రంథం ఇరుక్కుంది. నేను తొక్కుతున్నది బ్రేకును కాదు, దేవుని వాక్యాన్ని. చేతి బ్రేకు పిడికిట్లోకి ఎలా వచ్చిందో నాకు తెలియదు. లాగాను. కారు తుమ్మినట్టు ఆగిపోయింది. ముసలాయన మోకాలికీ నా బంపరుకూ మధ్య ఒక మూర కూడా లేదు.

ఆయన కారువైపు కాదు, బుట్టవైపు చూసుకున్నాడు. కాయలు పడలేదు. వెళ్లిపోయాడు.

వెనక ఆటో ఆయన మాత్రం ఊరుకోలేదు. "ఓ మేడం! నిద్ర పోతున్నవా ఏంది? ఇంట్ల నడుపుకో పోయి బండి!"

వంగి గ్రంథాన్ని బయటికి లాగాను. కాగితాలు సగం సీటు కింద, సగం బియ్యం మూట మీద. దొరికినవి దొరికినట్టు ఏరి పేజీల్లో కుక్కి, బియ్యం మూట మీద పెట్టాను. లెక్క చూడలేదు.

"ఏమైంది బిడ్డా?" అత్తమ్మ అడిగింది.

"ఏం లేదు అత్తమ్మా. బండి ఆగిపోయింది."

"చూసినవా, వాక్యం ముందట ఉండబట్టి బతికినం" అన్నది ఆమె.

నేను అవునన్నాను. మళ్లీ తీసి డాష్‌బోర్డు మీదే పెట్టాను కూడా.

లీలక్క ఇల్లు

లీలక్కది గల్లీ చివర అపార్ట్‌మెంటులో రెండో అంతస్తు. కార్లు కింద సెల్లార్‌లో పెట్టాలి. పగలు కూడా చీకటే. లీలక్క బగారా అన్నం, కోడికూర చేసింది. ముద్ద దిగలేదు. కాళ్లకు ఇంకా ఆ పెడలు దిగకపోవడమే తెలుస్తోంది. సాయంత్రం పాలకని చెప్పి గల్లీలో ఊరికే తిరిగాను.

ఆగి ఉన్న బండ్లన్నిటి లోపలికీ తొంగి చూశాను. పిచ్చిదాన్నని అనుకున్నారేమో. ఒక కారులో గణపతి. ఒకదానిలో మౌలాలి దర్గా నుంచి తెచ్చిన పచ్చ గుడ్డ అద్దానికి కట్టి ఉంది. ఒక ఆటోలో మన ప్రభువు పటం, చుట్టూ రంగుల బల్బులు. నిమ్మకాయలు, మిరపకాయలు సరేసరి. మన ఊళ్లో వాళ్ల బండ్లలో ఇవి చూసి, సండే స్కూలు పిల్లలకు "తాయెత్తులకు ప్రాణం లేదు" అని ఇరవై ఏళ్లుగా నేనే చెప్పాను. గల్లీలో నిలబడితే ఆ మాట నా మొహానికే తిరిగి తగిలింది. మేము పెట్టింది దేవుని వాక్యమే. పెట్టిన తీరు ఏది?

క్యాంపస్

మర్నాడు కెజియా ముందు సీటులో, గ్రంథం ఒళ్లో. క్యాంపస్ లోపల రోడ్లు వెడల్పు, రెండు పక్కలా చెట్లు, ఎక్కడ చూసినా ఎర్రక్షరం 'ఎల్' అంటించిన కార్లు. హైదరాబాదులో సగం మంది ఇక్కడే డ్రైవింగు నేర్చుకుంటారట. అది చూసి ధైర్యం రావాలి. అయినా ఒక మలుపులో క్లచ్చు తొందరపడి వదిలాను, బండి ఆగిపోయింది. ఎల్ బోర్డు కారొకటి పక్కన ఆపి అరవై ఏళ్లాయన దిగాడు. పేరు యాదగిరి. ముప్పై ఏళ్లుగా ఇక్కడే డ్రైవింగు నేర్పిస్తున్నాడు.

"ఏం చెల్లె, కొత్తనా?" అని లోపలికి చూశాడు. అత్తమ్మ అప్పటికే గ్రంథాన్ని కెజియా ఒళ్లోంచి తీయించి దాని చోట్లో పెట్టించింది. "గిదేంది, అద్దం ముందట దుకాణం పెట్టిండ్రు? సీసా, సిలువ, గింత పెద్ద పుస్తకం."

"అది పుస్తకం కాదయ్యా, దేవుని వాక్యం" అన్నది అత్తమ్మ వెనక నుంచి.

"కాదన్ననా అమ్మా? మా ఆమె సుత నా బండ్ల గణపతిని పెట్టింది. ఒకదినం బ్రేకు కొడితే స్వామి పోయి అద్దానికి తల్గిండు, తొండం ఇరిగింది. అప్పటి సంది 'స్వామీ, నువ్వు ఇంట్ల కూసో, నేను పోయొస్త' అని చెప్పిన. ఏం కోపం జెయ్యలే." ఆయన సిలువను వేలితో ఆపాడు. "గిది కండ్లకు అడ్డం. గా సీసా కాళ్ల కిందికి దొర్లితే బ్రేకుకు అడ్డం. నా బండ్ల నా కాలి కింద సుత ఇంకొక బ్రేకు ఉంటది, నేర్చుకునేటోడు మర్చిపోతే నేను తొక్కుత. మీకెవలున్నరు?"

"మాకు దేవుడున్నడు" అన్నది అత్తమ్మ.

"ఉన్నడమ్మా. మరి ఆయనకు కాలు పెట్టేటందుకు జాగ ఉంచుండ్రి."

కెజియా నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఎక్కడ దిగామో అడిగి, పొద్దున ఆరింటికి లీలక్క గల్లీ మొగన, రోడ్డు కలిసే చోట, ఇడ్లీ బండి దగ్గరే తాను ఉంటానని, డ్రైవింగు సాఫు చేసుకోవాలంటే రమ్మని చెప్పి వెళ్లాడు.

కౌంటరు దగ్గర గంటన్నర లైను. లోపల కూర్చున్నామె కాగితాలు ఒక్కొక్కటే తిప్పింది. మెమోలు ఉన్నాయి, కులం సర్టిఫికెట్ ఉంది, ప్రొవిజనల్ ఉంది.

"టీసీ ఏది?"

గ్రంథం మొదటి నుంచి చివరిదాకా తిప్పాం. లేదు.

"మేడం, ఇంట్ల మర్చిపోయినట్టుంది" అన్నాను. ఎంత తేలిగ్గా వచ్చేసింది ఆ అబద్ధం!

"రేపు పన్నెండుకు క్లోజ్ అమ్మా. రాకపోతే సీటు తర్వాతి వాళ్లకు పోతది. నా చేతుల ఏం లేదు" అన్నదామె. కఠినంగా కాదు, అలసటగా. కొత్త టీసీ కావాలంటే పోలీసు కాగితం, కాలేజీ చుట్టూ తిరగడం. ఒక్క పూటలో అయ్యే పని కాదు.

కెజియా ఏడవలేదు. రాతి భవనం మెట్ల మీద కూర్చుని, "అమ్మా, నువ్వు ఇంటి నుంచి తెచ్చినవా తేలేదా? ఒక్కటి చెప్పు" అన్నది.

"తెచ్చిన అనే అనుకుంటున్న" అన్నాను.

సెల్లార్

మా ఆయనకు ఫోను చేస్తే డ్యూటీ మధ్యలో ఇంటికి పోయి బీరువా ఖాళీ చేశాడు, పెట్టెలు దించాడు, మంచం పరుపు కూడా తిప్పాడు. గంటకోసారి ఫోను: "లేదు. ఇంక యాడ చూడాలె?"  కాగితం అక్కడ లేదని నాకు తెలుసు. సిగ్నల్ దగ్గర గ్రంథం పడింది అని ఒక్క మాట అంటే చాలు, ఆ మనిషికి ఆ వెతుకులాట తప్పేది. అనలేకపోయాను. అంటే, బ్రేకు కింద పడింది ఏమిటో చెప్పాలి. మామయ్య గ్రంథం ఒక మనిషి మీదికి కారు పోనిచ్చిందని అత్తమ్మ ముందు ఎలా అనడం? దేవుని పరువు కాపాడుతున్నాను అనుకున్నాను. నిజానికి ఎవరి పరువు?

సాయంత్రం 'కారు తుడుస్తాను' అని ఒక్కదాన్నే సెల్లార్‌కు దిగాను. పైలైటు వేసి మూలమూలా వెతికాను. సీట్ల కింద, సీట్ల వెనక సంచుల్లో, తలుపుల అరల్లో, చాప కింద, డాష్‌బోర్డు అరలో. ఏమేం దొరికాయో: మా తమ్ముడి పాత దువ్వెన, ఎండకు ఉబ్బిన సెంటు సీసా, ఎండిపోయిన బత్తాయి తొక్క, మూత ఊడి జిడ్డు కారిన నూనె సీసా, సండే స్కూలు బహుమతి పెన్సిళ్లు రెండు. అంత చిన్న కారులో అంత చెత్త ఎలా పోగేశామో! టీసీ లేదు.

చివరికి డ్రైవరు సీటులో కూర్చుని తల స్టీరింగు మీద పెట్టి ప్రార్థన చేశాను.  యోనా ఓడ అడుగున పడుకున్నట్టు అనిపించింది. పైన అందరూ సరుకులు పారేస్తున్నారు, తుఫాను ఎవరి వల్లనో తెలిసినవాడు కింద దాక్కున్నాడు. లేచి, తలుపు వేసి పైకి వెళ్లాను.

పైలైటు ఆర్పలేదు.

ఇడ్లీ బండి

మూడో రోజు తెల్లవారే ముసురు. కెజియా ముఖం కడుక్కుని, "అమ్మా, ఊరికి పోయి కాలేజీల అడుగుదాం, పా" అన్నది. పోయి రావడం పన్నెండులోపు కుదరదని తనకూ తెలుసు. కారు దగ్గరికి వెళ్లి తాళం తిప్పితే చిన్న టిక్ శబ్దం, అంతే. పైలైటు కొనప్రాణంతో ఉన్న మిణుగురులా కనీకనపడకుండా ఉంది.

గల్లీ మొగకు ఉరికాను. యాదగిరన్న ఇడ్లీ ప్లేటుతో నిలబడి ఉన్నాడు. ఆ బండి ఇడ్లీ మీద కారంపొడి, నెయ్యి వేసి ఇస్తుంది, నలభై రూపాయలు. ఈ మాట ఇప్పుడు రాయగలుగుతున్నాను గానీ అప్పుడు నాకు ఏమీ కనపడలేదు. ఆయన ప్లేటు సగంలో వదిలి తన కారు సెల్లార్‌కు తెచ్చాడు. రెండు వైర్లతో తన బ్యాటరీ నుంచి మా బ్యాటరీకి కలిపాడు.

"ఈ పైలైటుకు మూడు తీర్లున్నయి చెల్లె. ఇటంటే ఎప్పుడు ఎలుగుతది, అటంటే ఎప్పుడు ఎలగది, నడుమ పెడితే తలుపు తీస్తే ఎలుగుతది, ఏస్తే ఆరుతది. నువ్వు ఇటు పెట్టి పోయినవు. గింత బల్బు, గింత బండిని పండబెట్టింది." బండి స్టార్టయ్యింది. "ఇంతకు రాత్రి గీడ లైటేసుకొని ఏం వెతికినవు?"

కెజియా చెప్పింది టీసీ సంగతి. ఆయన నావైపు తిరిగి, "తొవ్వల ఏమన్న పడ్డదా? బ్రేకు గిట్ల కొట్టినవా?" అని అడిగాడు.

అప్పటికి అత్తమ్మ, కెజియా వెనక సీటులో కూర్చున్నారు, యాదగిరన్న నా పక్క సీటులో. వాన నీళ్లు సెల్లార్ వాలు మీంచి జారుతున్న చప్పుడు. నేను చెప్పేశాను. అద్దానికి కొట్టుకోవడం, ఎడమ మలుపు, నా కాళ్లలో పడడం, దిగని బ్రేకు, జామకాయల ముసలాయన, ఏరిన కాగితాలు, లెక్క చూడకపోవడం, మా ఆయనతో వెతికించడం. అన్నీ.

 అత్తమ్మ నెమ్మదిగా, "నాకు ఎరుకే" అన్నది.

"ఏం ఎరుక అత్తమ్మా?"

"నువ్వు వంగి బ్రేకు కింద నుంచి తీసుడు చూసిన. నా కండ్లు బాగనే ఉన్నయి అన్న కద. అడిగిన, నువ్వేం లేదన్నవు. నేను సుత ఊకున్న. మీ మామ పెట్టిపోయిన దానికి మాట వస్తదని." ఆమె కొంగుతో మూతి అదుముకుంది. "ఇద్దరం కల్సి పిల్ల నోట్ల మన్ను కొడుతున్నమని తెల్వలే."

యాదగిరన్న ముందుకు వంగి కాసేపు డాష్‌బోర్డునే చూశాడు. మా నలుగురి ఊపిరికీ, ఆ ముసురుకూ లోపలి అద్దాలన్నీ మసకబారాయి. "ముందుగాల గీ అద్దం తేటచెయ్యాలె" అని గాలి వచ్చే గుండ్రటి మీటను అద్దం వైపుకు తిప్పి, ఫ్యాను ఎక్కువ పెట్టాడు. ఆరు నెలల్లో నేను ఆ మీటను ఎన్నడూ అటు తిప్పలేదు.

టపటపటపా చప్పుడు. డాష్‌బోర్డు లోపల ఏదో పక్షి చిక్కుకుని రెక్కలు కొట్టుకుంటున్నట్టు.

అందరం ఆగిపోయాం. ముందు అద్దం అడుగున, గాలి పైకి వచ్చే సన్నని పొడుగాటి సందు ఉంటుంది. దాని మీది ప్లాస్టిక్ జాలీకి మా కారులో రెండు పళ్లు ఎప్పుడో విరిగాయి. యాదగిరన్న ఫోను లైటు ఏటవాలుగా కొట్టాడు. ఆ సందులో, గాలికి అదురుతూ, తెల్లని అంచు.

ఇంజను ఆపకుండానే ఫ్యాను ఆపించాడు. కెజియా ఫోను చేస్తే లీలక్క పైనుంచి స్టీలు స్కేలు, టేపు తెచ్చింది. స్కేలు కొనకు టేపు తిరగేసి చుట్టి, జిగురు బయటికి ఉండేట్టు చేసి, సందులోకి దించాడు. రెండుసార్లు జారిపోయింది. మూడోసారి నిలువుగా మడిచిన కాగితం పైకి వచ్చింది. ఒక మూల నలిగింది. అంతే. పిల్ల పేరు, కాలేజీ ముద్ర, అన్నీ చక్కగా ఉన్నాయి.

"దేవుడు దొరకబుచ్చిండు!" అన్నది అత్తమ్మ రెండు చేతులూ ఎత్తి.

"దొరకబుచ్చింది దేవుడే అమ్మా" అన్నాడు యాదగిరన్న వైర్లు చుట్టుకుంటూ. "పడగొట్టింది మాత్రం మనమే."

మళ్లీ లైనులో నిలబడి, పన్నెండుకు పావుగంట తక్కువలో కౌంటరు మీద టీసీ పెట్టాం. లోపలామె నలిగిన మూలను వేలితో సాపు చేసి ముద్ర కొట్టింది. కెజియా నాతో మాట్లాడకుండా, నా చెయ్యి మాత్రం వదలకుండా మెట్లు దిగింది. మా ఆయనకు ఫోను చేసి అంతా చెప్పాను.  "పరుపు మళ్ల పరుస్త" అన్నాడు.

మళ్లీ సిగ్నల్

తిరుగు ప్రయాణానికి ముందు కారంతా ఖాళీ చేశాను. సిలువ తీసి నా మెడలో వేసుకున్నాను. తొక్కు డబ్బా లీలక్కకు ఇచ్చాను. నీళ్ల సీసా తలుపు అరలో, మూత బిగించి. డాష్‌బోర్డు మీద దుమ్ము తప్ప ఏమీ లేదు. ఇక గ్రంథం మిగిలింది.

"డిక్కీల ఏస్తవా వాక్యాన్ని?" అత్తమ్మ అడిగింది. గొంతులో కోపం లేదు, భయం ఉంది.

గ్రంథాన్ని ఆమె చేతికే ఇచ్చాను. ఆమే తన శాలువాలో గ్రంథాన్ని చుట్టి, వెనక సీటులో పక్కన పెట్టుకుంది. సీటు బెల్టు లాగి దాని మీదుగా తిప్పి బిగించమంది. బిగించాను. గ్రంథాన్ని ఒకసారి తట్టి చూసింది.

"మీ మామ సైకిలుకు బెల్టు లేకుండె" అని, సర్దుకుని కూర్చుని, "నాది సుత ఎయ్యి" అన్నది. ఆరు నెలల్లో ఆమెకు వెనక సీటులో బెల్టు వేయడం అదే మొదలు.

తార్నాక సిగ్నల్ దగ్గర ఆ ముసలాయన కనిపించాడు. మెట్రో స్తంభం నీడలో బుట్ట దించుకుని కూర్చున్నాడు. పక్కకు ఆపి, దిగి, కిలో జామకాయలు తీసుకున్నాను. అరవై రూపాయలన్నాడు. కాయలు సంచిలో పోస్తుంటే చెప్పాను.

"తాతా, మొన్న మిమ్మల్ని గుద్దబోయిన కారు నాదే. తప్పయ్యింది. క్షమించండ్రి."

ఆయన నా మొహం చూశాడు, కారు చూశాడు. "ఏ కారు బిడ్డా? నాకు దినాం పది కార్లు గట్లనే వస్తయి" అని ఒక కాయ కొసరు వేశాడు.

జనగామ చేరేదాకా ఆ మాటే వినిపించింది. ఇప్పుడూ వినిపిస్తోంది. క్షమాపణ అడగడానికి పోతే, నేను ఆయనకు గుర్తు కూడా లేను. పది మందిలో ఒకదాన్ని.

మీరు కారు కొన్నప్పుడు నన్ను ప్రార్థనకు పిలుస్తారు. వస్తాను. కానీ వచ్చినప్పుడు ముందు మీ డాష్‌బోర్డు ఖాళీ చేస్తాను, కాళ్ల దగ్గర సీసా తీసేస్తాను, మీ అత్తమ్మకు బెల్టు వేస్తాను. తర్వాతే ఆమేన్. ఎవరైనా కోపగించుకుంటే కోపగించుకోండి.

ఇప్పుడు చదువుతున్నవారు కొద్దిసేపు నాతో కూడ కళ్లు మూయండి. కారులో ఉంటే ఆపి, పైలైటు ఆర్పి మూయండి. తార్నాకలో జామకాయలు అమ్మే ఆ ముసలాయన కోసం ప్రార్థిద్దాం. ఆయన పేరు నేను అడగలేదు, దేవునికి తెలుసు. ఆయన రేపు ఆ రోడ్డు దాటుతాడు. రేపు వచ్చే పది కార్లలో ప్రతి డ్రైవరు కాలి కిందా బ్రేకు పూర్తిగా దిగాలని ప్రార్థిద్దాం. మన ప్రభువు నామంలో అడుగుతున్నాం. మీరూ నాతో అనండి, ఆమేన్.